కరందాష్ (సర్కస్ విదూషకుడు)

కరందాష్ అను పేరుతో ప్రసిద్ధుడైన మిఖాయిల్ నికొలాయెవిచ్ రుమ్యాంత్సెవ్ (డిసెంబర్ 10, 1901 - మార్చి 31, 1983) సోవియట్ యూనియన్‌కు చెందిన సర్కస్ విదూషకుడు. రష్యన్ భాషలో కరందాష్ అనగా పెన్సిలు. సర్కస్ కుటుంబంలో పుట్టకుండా, పాఠశాలలో చేరి ఈ విద్యను నేర్చుకొని అగ్రస్థానానికి చేరిన తొలితరం కళాకారులలో ఈయన ముఖ్యుడు. మాస్కోలో ఈయన చదివిన సర్కస్ పాఠశాలకు 1987లో ఈయన పేరే పెట్టారు. ప్రసిద్ధ విదూషకుడు, సినిమా నటుడు అయిన యూరీ నికూలిన్ ఈయన వద్దనే పని నేర్చుకున్నాడు. సోవియట్ బాలల సాహిత్యంలో కరందాష్ పేరుతోనే ఒక పెన్సిలు బొమ్మ పాత్ర ఉన్నది. ఆ పాత్ర వేరు, ఈయన వేరు.

బాల్యము, చిత్రకళ

రుమ్యాంత్సెవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో ఒక కార్మిక కుటుంబంలో జన్మించాడు. చిన్నతనం నుండి బొమ్మలు గీయడంలో ఆసక్తి చూపడంతో ఆ నగరంలోని కళాప్రోత్సాహక సంఘం నడిపే పాఠశాలలో చేరి చిత్రకళ నేర్చుకున్నాడు. విప్లవము, అంతర్యుద్ధము ముగిసేనాటికి ఈయన యువకుడు. 1920వ దశకం ఆరంభంలో త్వేర్ ప్రాంతంలోని స్తారిత్సా అనే చిన్న పట్టణంలో నాటకశాలకు గోడపత్రికలు చిత్రించే పనిలో కుదిరాడు. తరువాత త్వేర్ నగరంలోను, 1925 నుండి మాస్కోలోను అదే పని చేశాడు. మాస్కోలో సినిమా హాలుకు పోస్టర్లు వేసేవాడు.

ఆ రోజులలో పోస్టరు చిత్రకారుని పని తేలికైనది కాదు. వారానికి ఒకటి రెండు సినిమాలు మారేవి. దూరం నుండి చూసినవానికి కూడా బొమ్మ ఒక్క చూపులో అర్థం కావాలి. నాలుగు గీతలతో మనిషి స్వభావాన్ని చెప్పగల ఈ నేర్పు తరువాతి కాలంలో తన సర్కస్ వేషాన్ని తానే రూపొందించుకోవడంలో ఈయనకు ఉపకరించిందని భావించవచ్చు.

1926 వేసవిలో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ దంపతులు మాస్కోకు వచ్చారు. వారిని చూడడానికి జనం వీధులలో విరగబడ్డారు. ఆ సందడి నేపథ్యంగా మరుసటి సంవత్సరం ఒక హాస్య చిత్రం కూడా సోవియట్ యూనియన్‌లో విడుదలైనది. వారి రాక రుమ్యాంత్సెవ్ మనస్సుపై బలమైన ముద్ర వేసింది. ఇతరుల బొమ్మలు గీయడం మాని తానే ప్రేక్షకుల ముందుకు రావాలని నిశ్చయించుకొని ఆ సంవత్సరమే రంగస్థల చలనం నేర్పే తరగతులలో చేరాడు. అక్కడి నుండి సర్కస్ పాఠశాలకు వెళ్ళాడు.

సర్కస్ పాఠశాల

అంతకుముందు రష్యాలో సర్కస్ విద్య వంశపారంపర్యంగా సాగేది. గుర్రపుస్వారీ, తీగమీద నడక, పిల్లిమొగ్గలు మొదలైనవన్నీ తండ్రి నుండి కొడుక్కు, మామ నుండి అల్లుడికి అందేవి. పిల్లలు నాలుగైదేళ్ళ వయస్సు నుండే సాధన మొదలుపెట్టేవారు. బయటివారు ఈ విద్య నేర్వాలంటే ఏదో ఒక కుటుంబంలో శిష్యునిగా చేరి ఊడిగం చేయవలసి వచ్చేది. కంపెనీల యజమానులలోను, పేరుపడ్డ కళాకారులలోను విదేశీయులు ఎక్కువ. మాస్కోలోని త్స్వెత్నోయ్ బుల్వార్ సర్కస్‌ను 1880లో కట్టించిన సలమోన్‌స్కీ, పీటర్స్‌బర్గ్‌లో 1877లో ప్రారంభమైన సర్కస్ భవనాన్ని నిర్మింపజేసిన ఇటలీ దేశస్థుడు చినిజెల్లి ఇందుకు ఉదాహరణలు.

1919 ఆగస్టులో సోవియట్ ప్రభుత్వం నాటకశాలలతో పాటు సర్కస్‌లను కూడా జాతీయం చేసింది. యజమానులు వెళ్ళిపోయారు. వారితోపాటు చాలామంది కళాకారులు కూడా దేశం విడిచారు. భవనాలు ప్రభుత్వానికి దక్కాయి గాని, వాటిలో ప్రదర్శన ఇచ్చేవారిని తయారుచేయడం ఎట్లా అనే సమస్య మిగిలిపోయింది. దానికి సమాధానంగా 1927లో మాస్కోలో సర్కస్ కళా శిక్షణాలయం ఏర్పడినది. ప్రభుత్వం నడిపిన వృత్తి సర్కస్ పాఠశాలలలో ప్రపంచంలోనే మొదటిదిగా దీనిని సాధారణంగా పేర్కొంటారు. (మన దేశంలో మలబారు ప్రాంతపు తలశ్శేరి వద్ద కీలేరి కున్హికణ్ణన్ 1901లోనే సర్కస్ పాఠశాల ప్రారంభించాడు. అయితే అది ఒక గురువు తన స్వంత పూనికతో నడిపినది.)

ఈ పాఠశాలలో అన్ని కులవృత్తుల ఇళ్ళ నుండి వచ్చిన యువతీయువకులను చేర్చుకున్నారు. పాత సర్కస్ కళాకారులే ఉపాధ్యాయులు. నేలమీది విన్యాసాలు, దూలంపై కసరత్తులు, తూకం నిలుపుకొనే విద్య, బంతులు ఎగరవేసి పట్టడం, నృత్యము అందరూ నేర్వవలసినవే. ఆ తరువాతనే ఎవరికి వారు ఒక ప్రత్యేక శాఖను ఎంచుకొనేవారు. కుటుంబ పద్ధతికీ దీనికీ ముఖ్యమైన భేదం ఇక్కడ ఉన్నది. కుటుంబంలో పుట్టినవాడు తన ఇంటి విద్య ఒక్కదానినే లోతుగా నేర్చేవాడు. పాఠశాల విద్యార్థికి మొత్తం సర్కస్‌తో పరిచయం కలిగేది. తనకు ఏది తగునో వెదుక్కొనే అవకాశం లభించేది.

రుమ్యాంత్సెవ్ చేరేనాటికి ఆయన వయస్సు పాతికేళ్ళు దాటింది. శారీరక విన్యాసాలు మొదలుపెట్టడానికి ఇది చాలా ఆలస్యమైన వయస్సు. దానికి తోడు ఆయన పొట్టివాడు, గంభీరమైన విగ్రహం కాదు. ఆయన ఎంచుకొన్నది హాస్య విన్యాసకుల తరగతి. అందులో నేర్పేది ప్రధానంగా పడడం. కుర్చీ మీద నుండి, మెట్ల మీద నుండి, తన కాళ్ళకు తానే అడ్డం పడి బోర్లా పడడం. అది ప్రేక్షకునికి ప్రమాదంలాగా కనబడాలి, పడినవానికి దెబ్బ తగలకూడదు. మంచి విన్యాసకునికి తప్పటడుగు లోపము. హాస్య విన్యాసకునికి తప్పటడుగే విద్య, కాని సరిగా అడుగు వేయడం రానివాడు తప్పుగా వేయడం నేర్చుకోలేడు. అందుచేత ఈ తరగతివారు కూడా మిగిలినవారితో సమానంగా కసరత్తు చేయవలసి వచ్చేది. రుమ్యాంత్సెవ్ ఈ శిక్షణను పూర్తిచేసి 1930లో పట్టభద్రుడై కజాన్, స్మొలెన్‌స్క్, స్తాలిన్‌గ్రాద్ నగరాల సర్కస్‌లలో పనిచేశాడు.

చాప్లిన్ నీడ

పాఠశాల ఆయనకు శరీరాన్ని ఇచ్చింది. వేషాన్ని ఇవ్వలేదు. విదూషకునికి మిగిలిన సర్కస్ కళాకారులకు లేని చిక్కు ఒకటి ఉన్నది. తీగమీద నడిచేవాడు గురువు నడిచినట్లే నడిస్తే అది చాలు. విదూషకుడు మరొకనివలె ఉంటే ఎవరూ గుర్తుంచుకోరు.

ఆ కాలంలో చార్లీ చాప్లిన్ చిత్రాలు సోవియట్ దేశంలో విపరీతమైన ఆదరణ పొందాయి. ఐరోపా అంతటా సర్కస్‌లలో చాప్లిన్ వేషగాళ్ళు పుట్టుకొచ్చారు. రుమ్యాంత్సెవ్ కూడా విద్యార్థిగా ఉండగానే, 1928 ప్రాంతంలో, చాప్లిన్ వేషంలో ప్రేక్షకుల ముందుకు వచ్చాడు. పొట్టి శరీరము, చురుకైన కదలిక ఆ వేషానికి బాగా అమరాయి. జనం నవ్వేవారు. పని కూడా దొరికేది. అయినప్పటికీ వారు చప్పట్లు కొడుతున్నది తెరమీద తాము చూసిన వేరొక మనిషికేనని ఆయనకు తెలుసు. ఎర్రజుట్టు విదూషకుని సంప్రదాయ వేషం కూడా ప్రయత్నించాడు గాని అది అతకలేదు. 1932లో చాప్లిన్ వేషాన్ని వదలివేయాలని నిర్ణయించుకున్నాడు. జీవనాధారమైన వేషాన్ని, దాని స్థానంలో మరొకటి సిద్ధంగా లేకుండానే వదలడం సాహసమే.

ఆ కాలపు విదూషకుల పరిస్థితి కూడా గమనించదగినది. చెంపదెబ్బలు, నీళ్ళు చల్లుకోవడం వంటి పాత బఫూను హాస్యాన్ని విమర్శకులు హేయంగా చూసేవారు. కాలానికి తగిన వ్యంగ్యం కావాలనేవారు. విటాలీ లజరెంకో (1890-1939) వంటి పేరుపొందిన కళాకారుడు కవి మయకోవ్‌స్కీ వ్రాసి ఇచ్చిన వ్యంగ్య రచనను సర్కస్ రింగులో ప్రదర్శించాడు. అయితే అందరికీ మయకోవ్‌స్కీ దొరకడు. చాలామంది విదూషకులు పత్రికలలోని విషయాలను పద్యాలుగా అప్పజెప్పేవారు. రుమ్యాంత్సెవ్ మాటల మీద ఆధారపడే మనిషి కాదు. కాబట్టి ఆ దారి కూడా ఆయనకు మూసుకుపోయినట్లే.

కరందాష్ అవతరణ

1934లో ఆయనను లెనిన్‌గ్రాద్ సర్కస్‌కు మార్చారు. పూర్వపు చినిజెల్లి సర్కస్ అదే. ఆ భవనంలోనే 1928లో సర్కస్ మ్యూజియం ఏర్పాటైనది. అక్కడ పాత ఆల్బములు తిరగవేస్తూ ఉండగా ఫ్రెంచి వ్యంగ్య చిత్రకారుడు కరన్ దాష్ పేరు ఆయన కంటపడింది. రష్యన్‌లో పెన్సిలుకు ఉన్న పేరు కూడా ఇదే కావడం, స్వయంగా తాను చిత్రకారుడు కావడంతో ఆ పేరు తనకు తగినదని తోచి దానినే పెట్టుకున్నాడు.

ఈ పేరుకు వెనుక ఉన్న కథ ఆసక్తికరమైనది. కరన్ దాష్ అసలు పేరు ఎమాన్యుయేల్ పోయిరే (1858-1909). ఆయన పుట్టింది మాస్కోలో. తాత 1812 నాటి నెపోలియన్ దండయాత్రలో వచ్చి రష్యాలో నిలిచిపోయిన సైనికుడు. పోయిరే పెద్దయిన తరువాత ఫ్రాన్సుకు తరలి, పెన్సిలు అనే అర్థం గల రష్యన్ మాటనే ఫ్రెంచి వర్ణక్రమంలో వ్రాసి కలం పేరుగా వాడుకున్నాడు. స్విట్జర్లాండుకు చెందిన పెన్సిళ్ళ కంపెనీకి ఉన్న పేరు కూడా ఆయన నుండి వచ్చినదే. రష్యన్‌లోకి ఈ మాట తురుష్క భాషల నుండి, నల్లరాయి అనే అర్థంతో వచ్చిందని చెబుతారు. ఈ విధంగా మాస్కో నుండి పారిస్‌కు పోయిన మాట లెనిన్‌గ్రాద్‌లో ఒక విదూషకుని పేరై తిరిగివచ్చినది.

పేరుతోపాటు వేషం కూడా కుదురుకున్నది. ముఖాన దట్టమైన రంగులు, పెద్ద ముక్కు, ఎర్రజుట్టు విడిచిపెట్టాడు. ఒంటికి వదులుగా ఉండే నల్లని సూటు, పెద్ద బూట్లు, తలపై కుచ్చుగా నిలిచే టోపీ, చిన్న మీసము మాత్రం ఉంచుకున్నాడు. చాప్లిన్ నుండి మిగిలినది ఆ మీసము, బూట్లు మాత్రమే అనవచ్చు. లోపలి మనిషి మారాడు. ఈయన పాత్ర లోకంలోని ప్రతి వస్తువును చేతితో తాకి చూడాలనుకొనే పిల్లవాని వంటిది. కుతూహలమే అతని బలహీనత. చూస్తూ ఊరుకోలేడు, చేయివేస్తాడు, అది విరిగిపోతుంది, తరువాత దానిని సరిచేయబోయి ఇంకా చెడగొడతాడు. రింగులో మాటలు తక్కువ.

వెంట ఒక నల్లని స్కాటిష్ టెర్రియర్ కుక్క ఉండేది. పేరు క్ల్యాక్స, అనగా సిరామరక. పెన్సిలుకు సిరామరక తోడుగా నడవడం పిల్లలకు ఎంతో నచ్చింది. దీర్ఘమైన వృత్తి జీవితంలో ఒకదాని తరువాత ఒకటిగా పలు కుక్కలు ఈ పేరుతోనే ఆయనతో పనిచేశాయి.

ప్రదర్శనలు

లెనిన్‌గ్రాద్‌లో విజయం తరువాత ఆయన మాస్కోలోని త్స్వెత్నోయ్ బుల్వార్ సర్కస్‌కు వచ్చాడు. రష్యన్ సర్కస్‌లో ఇటువంటి విదూషకుని తివాచీ విదూషకుడు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఒక అంశం ముగిసి, పనివారు తివాచీ చుట్టి తరువాతి అంశానికి సామాను సర్దేలోపల ప్రేక్షకులను నవ్విస్తూ ఉండడం అతని పని. పని చిన్నదిగా కనబడుతుంది. కాని సాయంత్రమంతా పది పన్నెండు సార్లు రింగులోకి వచ్చేవాడు అతడొక్కడే. సింహాల అంశము, ఊయల అంశము, గుర్రాల అంశము అన్నిటినీ ఒక ప్రదర్శనగా కలిపి కుట్టే దారం అతడే. కరందాష్ తరచుగా అప్పుడే ముగిసిన అంశాన్ని వెక్కిరిస్తూ అనుకరించేవాడు. పాఠశాలలో అన్ని శాఖలను కొంతకొంత నేర్చిన ఫలితం ఇక్కడ కనబడుతుంది.

రింగు వ్యాసం ప్రపంచంలో చాలాచోట్ల పదమూడు మీటర్లే. చుట్టూ ప్రేక్షకులు. నాటక రంగంలో వలె వెనుక తెర లేదు, దాగడానికి చోటు లేదు. వీపు కూడా నటించవలసిన స్థలమిది.

ఆయన అంశాలలో అత్యంత ప్రసిద్ధమైనది ఉద్యానవనంలో విగ్రహం కథ. కరందాష్ పార్కు ఊడ్చేవాడు. పీఠం మీద వీనస్ విగ్రహం ఉంటుంది. పొరపాటున దానిని పడవేస్తాడు, ముక్కలవుతుంది. కంగారుపడి ముక్కలు అతికించబోతాడు గాని పైది క్రిందకు, క్రిందిది పైకి పోతుంది. ఇంతలో కావలివాడు వస్తున్న అలికిడి. వేరే దారి లేక విగ్రహపు వస్త్రం తానే చుట్టుకొని పీఠమెక్కి వీనస్‌లాగ నిలబడతాడు. కథ ఇంతే. నవ్వంతా ఆ నిలబడడంలో ఉన్నది. పొట్టి మనిషి, పెద్ద బూట్లు, ముఖాన దేవత గాంభీర్యం. కదలకుండా ఉండాలి, కాని కదలకుండా ఉండడం తనవల్ల కావడం లేదని ప్రేక్షకునికి తెలియాలి. తూకం నిలిపే విద్యలో సంవత్సరాలు గడిపినవాడు మాత్రమే ఇంత నిదానంగా తూలగలడు.

అప్పటి వరకు సర్కస్ ప్రకటనలలో జంతువుల శిక్షకులు, ఊయల కళాకారులు ముందుండేవారు. విదూషకుని పేరు చూసి టిక్కెట్లు కొనడం కరందాష్‌తో మొదలైందని సోవియట్ సర్కస్ చరిత్రకారులు వ్రాశారు. కొన్ని చలనచిత్రాలలో కూడా నటించాడు గాని వాటికి సర్కస్ ప్రదర్శనలకు వచ్చినంత పేరు రాలేదు. చుట్టూ జనం లేనిచోట ఈయన హాస్యం సగం బలం కోల్పోయేదనిపిస్తుంది.

యుద్ధకాలము

1941లో జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడి చేసిన తరువాత ఈయన సైనికుల ఎదుట, మాస్కో ప్రేక్షకుల ఎదుట ప్రదర్శనలిచ్చాడు. ఆనాటి అంశాలలో ఫాసిస్టులు మాస్కోపై దండెత్తి వెనుదిరిగిన తీరును చూపేది ప్రసిద్ధమైనది. ఒక పీపాను యుద్ధట్యాంకుగా అలంకరించి దానిలో కూర్చొని బయలుదేరేవాడు. కేకలు వేస్తూ ముందుకు సాగేవాడు. పెద్ద ప్రేలుడుతో ట్యాంకు ముక్కలయ్యేది. ప్రగల్భాలు పలికినవాడు కట్లు కట్టుకొని కుంటుతూ నిష్క్రమించేవాడు. శత్రువు రాజధాని సమీపానికి వచ్చిన ఆ నెలలలో, ఆప్తులను పోగొట్టుకొన్న ప్రేక్షకుల మధ్య, ఈ నవ్వుకు ఉన్న విలువ వేరు. ఈయన అంశాలలో బహిరంగంగా రాజకీయమైనది ఇదే అనవచ్చు.

గురువుగా

యుద్ధానంతరం మాస్కో సర్కస్‌లో విదూషకుల శిక్షణకై ఒక ప్రత్యేక స్టూడియో ఏర్పడినది. యుద్ధంలో శతఘ్ని దళంలో పనిచేసి వచ్చిన యూరీ నికూలిన్ (1921-1997) నట పాఠశాలలలో ప్రవేశం దొరకక అక్కడ చేరాడు. కరందాష్ ఆయనను, ట్యాంకు దళంలో పనిచేసిన మిఖాయిల్ షుయిదిన్‌ను సహాయకులుగా తీసుకున్నాడు. రింగులో పిల్లవానివలె కనిపించే కరందాష్ తెర వెనుక కఠినుడు. ప్రదర్శనకు చాలా ముందుగా వచ్చేవాడు, సహాయకులు కూడా రావాలని పట్టుపట్టేవాడు. ప్రతి వస్తువు ఉండవలసిన చోట ఉన్నదా లేదా అని స్వయంగా చూసుకొనేవాడు. జనం అప్పటికప్పుడు పుట్టిందనుకొనే నవ్వు నిజానికి అంగుళాల లెక్కతో కూర్చినదని ఆయన వద్ద పనిచేసినవారికి త్వరలోనే అర్థమయ్యేది.

సహాయకులుగా ఉండడం సులభం కాదు. సామాను మోయాలి, దెబ్బలు తినే పాత్రలు వేయాలి, గురువు పక్కన వెలగకూడదు. పనికి సంబంధించిన విభేదాల కారణంగా 1950లో నికూలిన్, షుయిదిన్ విడిపోయి స్వంత జంటగా ఏర్పడ్డారు. ఆ జంట మూడు దశాబ్దాలకు పైగా దేశమంతటా పేరు పొందినది. నికూలిన్ తన ఆత్మకథలో గురువు కోపాన్ని, మొండితనాన్ని దాచకుండా వ్రాస్తూనే, తన వృత్తిని తాను ఆయన వద్దనే నేర్చానని అంగీకరించాడు. చాప్లిన్ నీడ నుండి బయటపడడానికి తాను పడిన శ్రమ కరందాష్‌కు తెలుసు. తన నీడ నుండి శిష్యులు బయటపడడం మాత్రం ఆయనకు రుచించలేదేమో.

చివరి సంవత్సరాలు

ఆయనకు 1969లో సోవియట్ యూనియన్ ప్రజా కళాకారుడు బిరుదు, 1979లో సమాజవాద శ్రమవీరుడు బిరుదు లభించాయి. సోవియట్ సర్కస్ రింగు గురించి జ్ఞాపకాల గ్రంథం కూడా వ్రాశాడు. సర్కస్ మనుషులలో ఎనభయ్యవ పడిలోకి అడుగుపెట్టిన తరువాత కూడా రింగులోకి దిగినవారు అరుదు. ఈయన మరణానికి కొద్ది వారాల ముందు వరకు ప్రదర్శనలిచ్చాడు. 1983 మార్చి 31న మాస్కోలో మరణించాడు. కుంత్సెవో శ్మశానవాటికలో ఖననం చేశారు.

పాఠశాల, స్మారకాలు

ఈయన చదివిన పాఠశాల క్రమంగా విస్తరించినది. 1961లో దానిలో వినోద రంగస్థల శాఖ కూడా చేరినది. సన్నని తీగపై హాస్యంతో పేరుతెచ్చుకొన్న ఒలెగ్ పపోవ్ (1930-2016), 1959లో విదూషక శాఖ నుండి పట్టభద్రుడైన లియొనీద్ యెంగిబారొవ్ (1935-1972) ఇక్కడివారే. పపోవ్ ఎండ కాసినట్లు నవ్వించేవాడు. యెంగిబారొవ్ మాటలు లేని అంశాలలో విషాదాన్ని కలిపేవాడు. ఇద్దరూ కరందాష్‌ను పోలినవారు కారు, ఒకరినొకరు పోలినవారు కూడా కారు.

1987లో ఈ విద్యాలయానికి రుమ్యాంత్సెవ్ (కరందాష్) పేరు పెట్టారు. పేరులో కుటుంబనామంతోపాటు రింగు పేరును కూడా చేర్చడం విశేషము. బెలారూస్‌లోని గోమెల్ నగరంలో సర్కస్ భవనం వద్ద కరందాష్ విగ్రహం ఉన్నది. పక్కనే క్ల్యాక్స కూడా నిలబడి ఉంటుంది.